సూడిగొర్రెల దావా

ఒకసారి వేసిన దావాలో అడిగిన డబ్బు చాలదనీ, మొత్తం పెంచుకోనివ్వమనీ మళ్లీ కోర్టును అడగడం మా వృత్తిలో కొత్తేమీ కాదు. దానికో పిటిషన్ ఉంది, ఆ పిటిషన్‌కో అఫిడవిట్ ఉంది, తక్కువ పడిన కోర్టు ఫీజు కట్టే పద్ధతి ఉంది. లాయరు గుమాస్తాగా ముప్పై ఏడేళ్లలో అలాంటివి ఎన్ని తయారు చేశానో లెక్కలేదు. వాటిలో ఒక్కటే గుర్తుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. కోర్టు పనిలో కొత్తగా చేరే పిల్లలు వింటారని రాస్తున్నా. వినకపోయినా రాస్తా, రిటైరైన వాణ్ణి ఆపేవాళ్లెవరు?

మా ఆఫీసు ఆత్మకూరులో. వారానికి రెండు రోజులు మా వకీలు, నేను ఉదయగిరి కోర్టుకు పోయేవాళ్లం. ఆయన కారులో, నేను ఫైళ్ల సంచితో బస్సులో. వకీలు నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆయన తండ్రి దగ్గరే నేను పని నేర్చుకున్నాను గనక నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "ఏమయ్యా" అనేవాడు. కోపమొచ్చినా "ఏమయ్యా"నే. ఏ "ఏమయ్యా" ఏదో నాకు మాత్రమే తెలుసు.

ఆమె కరోనా పోయిన మరుసటేడు వచ్చింది. కొండాపురం దారిలో ఉన్న ఒక పల్లె నుంచి. యాభై దాటిన మనిషి, మొగుడు లేడు, ఎనభై గొర్రెల మందను తనే మేపుకునేది. మెట్ట చేలల్లో కోతలైపోయాక రైతులు గొర్రెలవాళ్లను పిలిచి రాత్రిళ్లు చేలో మంద నిలపమంటారు కదా. గొర్రెల పెంటా ఉచ్చా చేనికి ఎరువు, అందుకు గొర్రెలవాళ్లకు రాత్రికింత అని కూలి. ఒక ఆసామి ఆమెను అలాగే పిలిచాడు. ఆ చేను పక్కనే ఆయన నిమ్మతోట. చెట్లకు పెట్టడానికి తొట్టిలో యూరియా కలిపి, ఆ సంగతి ఆమెకు చెప్పకుండా ఇంటికి పోయాడు. తెల్లారి మంద విప్పగానే ముందున్న గొర్రెలు పోయి ఆ నీళ్లు తాగాయి. ఆమె పరిగెత్తుకుంటూ పోయి కర్రతో అదిలించేసరికి తొమ్మిది పడిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి రెండింటి పొట్టసంచి కోసి చూసి, విషమేనని మాత్రం కాగితం రాసిచ్చాడు. ఆసామి మాత్రం పైసా ఇవ్వనన్నాడు. "నీ గొర్రెల్ని నువ్వు చూసుకోవద్దా" అన్నాడట.

"ఎన్ని పోయినయ్యమ్మా?" అని అడిగాను.

"తొమ్మిది, గుమాస్తయ్యా. అందులో సూడి గొర్రెలు సామీ, ఇంకో రెణ్ణెల్లయితే ఈనేటియి..."

"అవన్నీ అక్కర్లేదమ్మా, తలకాయలు చెప్పు చాలు."

ఆ మాట అన్నది నేనే. పిల్లలూ, అది గుర్తుపెట్టుకోండి.

తర్వాత నేను చేసిందేమిటంటే, అలమారలోంచి ఒక పాత దావా తీశాను. పదేళ్ల కిందట ఎవరివో మేకలు లారీ కింద పడి చచ్చిన కేసు. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, మేకల చోట గొర్రెలు పెట్టాను. మాంసానికి అమ్మే ధర ఒక్కోదానికి ఎనిమిది వేలు వేసి, తొమ్మిదింటికి డెబ్బై రెండు వేలు అని టైపు చేయించాను. చివర్లో నాకు అలవాటైన ఒక వాక్యం ఉండేది: "వాదికి ఇంతకు మించి నష్టం ఏదైనా ఉన్నా దాన్ని వదులుకుంటున్నారు." మొత్తం చిన్నదిగా ఉంటే ఫీజు తక్కువ, విచారణ త్వరగా తేలుతుంది. ఆ వాక్యం పెద్దాయన, అంటే మా వకీలు తండ్రి, నేర్పింది. ఆయన చూసి పెట్టేవాడు, నేను చూడకుండా పెట్టేవాణ్ణి. గొర్రెదాటు అని గొర్రెల్ని అంటాం గానీ, ఆ బిరుదు మా గుమాస్తాలకివ్వాల్సింది.

దావా ఇంగ్లీషులో ఉండేది. "తెలుగులో చదివి వినిపించగా సరి అని ఒప్పుకుని" అని కింద ఒక వరస ఉంటుంది. దాని పక్కన వేలిముద్ర. ఎన్నిసార్లు నిజంగా చదివి వినిపించామో ఆ దేవుడికే తెలియాలి.

దాదాపు ఏడాది తర్వాత సాక్ష్యం వంతు వచ్చింది. ఆమె చెప్పబోయే సాక్ష్యాన్ని ముందుగా కాగితం మీద పెట్టి, ఉదయగిరి కోర్టు వరండాలో వేలిముద్ర కోసం ఇంకు డబ్బా తెరిచాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఏంది రాసినావో సదువు."

సరే, చదివాను. తొమ్మిది గొర్రెలు, ఒక్కొక్కటి ఎనిమిది వేలు, మొత్తం డెబ్బై రెండు వేలు. అంతా విని ఆమె అడిగింది:

"మరి పిల్లలేవీ?"

"ఏ పిల్లలు?"

"కడుపులోయి."

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. "సూడి గొర్రెకి సంతలో ఏం రేటుండాదో తెలుసునా నీకు? కోతకి పొయ్యేదీ, ఈనబొయ్యేదీ ఒకటేనా? ఆ పొద్దు నేను చెప్పినా గదా" అంది. చెప్పింది. నాకు ఆ క్షణమే గుర్తొచ్చింది. చేతిలో ఇంకు డబ్బాకు మూత పెట్టి పక్కన పెట్టాను.

సంగతి వకీలుకు చెబితే ఆయన లెక్క చూశాడు. సూడి గొర్రె పన్నెండు వేలు పలుకుతుంది, తొమ్మిదింటికి లక్షా ఎనిమిది వేలు. ముప్పై ఆరు వేలు తేడా. ఇంకో దావా వేద్దామంటే లేదు, "వదులుకుంటున్నారు" అని మనమే రాసిచ్చాం. ఉన్న దావాలోనే మొత్తం పెంచుకోనివ్వమని అడగాలి, అదొక్కటే దారి. ముప్పై ఆరు వేలంటే మనకు ఒక ఫోను. ఆమెకు అది మందలో పడిన చిల్లు. ఆ పోయిన ఈతలతోనే ఆ ఏడాది గడవాల్సింది. అప్పటికే మేత కోసం ఇంకో పది గొర్రెల్ని అమ్ముకుందని తర్వాత తెలిసింది.

పిటిషన్ తయారైంది. దానికి అఫిడవిట్ మా దగ్గర అచ్చు గుద్దినట్టు సిద్ధంగా ఉంటుంది: "నేను చదువురానిదానను, పొరపాటున ఈ విషయం మా వకీలుగారికి చెప్పుట మరచితిని." ప్రతి సవరణకూ ఇదే మాట. దేశంలో కక్షిదార్లంత మతిమరుపు మనుషులు ఇంకెక్కడా ఉండరు. ఈసారి బుద్ధిగా తెలుగులో చదవడం మొదలుపెట్టాను, ఆ మాట దగ్గరే ఆపింది.

"నేను మర్చిపోలా" అంది.

"అది ఊరికే రాసే మాటమ్మా, అందరూ అట్టే రాస్తారు."

"రాస్తే రాసుకోనీ. నేను చెప్పినా. చెప్పి, చెప్పలేదని ముద్రెయ్యమంటే ఎట్ట ఏసేది?"

వకీలు వచ్చి నచ్చజెప్పాడు. ఈ ముద్ర వెయ్యకపోతే పిటిషన్ లేదు, పిటిషన్ లేకపోతే ఆ డబ్బు రాదు అన్నాడు. "రాకపోతే పోనీయ్ లాయరయ్యా. గొర్రెలు పొయ్యినాయి, పిల్లలు పొయ్యినాయి, ఇంక నోరు గూడా పోగొట్టుకోమంటావా?" అని కొంగు దులుపుకుని మెట్ల మీద కూర్చుంది.

నేను బయటికి పోయి టీ తాగాను. ఎదురుగా ఉదయగిరి కొండ. కోట గోడ అక్కడక్కడా కనపడుతోంది. నాకు సిగ్గేసింది, అంతకుమించి ఆశ్చర్యమేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఎంతోమంది చేత ఆ మాట మీద వేలిముద్రలూ సంతకాలూ వేయించాను. టీచర్లు వేశారు, షావుకార్లు వేశారు, ఒక రిటైర్డు ఇంజినీరు వేశాడు. నేను మర్చిపోలేదు అన్న మనిషి ఈమే మొదలు.

వచ్చి వకీలుతో చెప్పాను. "సార్, అఫిడవిట్ నేనిస్తాను. ఆమె చెప్పింది, నేనే రాయలేదు అని."

"ఏమయ్యా" అన్నాడు. అది కోపం "ఏమయ్యా". "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మన ఆఫీసు పరువేం గాను? అవతలాయన నిన్ను బోనెక్కించి ఉతుకుతాడు."

"ఉతకనీండి సార్. మురికి ఉండాది గదా."

ఆయన కాగితం తీసి తనే రాయడం మొదలుపెట్టాడు. తండ్రి పోయిన రోజున తప్ప ఆయన మొహం అంత మెత్తగా నేను చూడలేదు. ఆ తొందరలో ఇద్దరం ఇంకో సంగతి అడగలేదు. దాని గురించి చెబుతా.

వాయిదా వచ్చింది. జడ్జి గారు కొత్తగా వచ్చిన అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసు. ఆసామి తరఫు లాయరు లేచి, అచ్చం మా వకీలు చెప్పినట్టే నన్ను ఉతికి ఆరేశాడు. గుమాస్తా అన్నంపెట్టే ఆఫీసు కోసం అబద్ధం చెబుతున్నాడన్నాడు. వదులుకుంటున్నాం అన్న వాక్యాన్ని రెండుసార్లు గట్టిగా చదివాడు. చివరికి అసలు బాణం వేశాడు. "డాక్టరు కాగితంలో కడుపుతో ఉన్నట్టు లేదు. గొర్రెలన్నీ ఒక్కతీరే ఉంటాయి. ఏడాది కిందట చచ్చిన గొర్రెల్లో ఏది కడుపుతో ఉందో ఏది లేదో ఎవరైనా ఎలా చెప్పగలరు?"

వెనక బెంచీ మీద నుంచి ఆమె లేచింది. "ఒక్కతీరే ఉంటాయా? నీకు నీ పిల్లకాయలంతా ఒక్కతీరే ఉంటారా సామీ?"

కోర్టంతా నవ్వింది. బంట్రోతు "సైలెన్స్" అన్నాడు గానీ వాడూ నవ్వుతూనే ఉన్నాడు. జడ్జి గారు మాత్రం నవ్వకుండా అడిగారు, "ఎలా గుర్తుపడతారమ్మా?"

"చెబితే నమ్మరు తల్లీ. తల్లుల్ని ఒకపక్కా పిల్లల్ని ఒకపక్కా తెస్తా. ఈ లాయరయ్య ఏ పిల్లనన్నా ఎత్తుకోనీ. దాని తల్లి ఏదో నేను చెబతా. నేను చెప్పింది నిజమా కాదా గొర్రే చెబద్ది. పరాయి పిల్లకి గొర్రె పాలియ్యదు."

అవతలి లాయరు అభ్యంతరం అన్నాడు. వివాదంలో ఉన్న వస్తువును కోర్టు కళ్లారా చూడవచ్చని మా వకీలు అన్నాడు. వివాదంలో ఉన్న గొర్రెలు చచ్చిపోయాయి కదా అని ఆయన, ఆమె జ్ఞాపకం బతికే ఉంది కదా, వివాదం దాని మీదే అని ఈయన. జడ్జి గారు వచ్చే వాయిదా నాడు భోజనాల తర్వాత ఆవరణలో చూస్తానన్నారు. మా వకీలు అంత బాగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ రోజు ఉదయగిరి కోర్టు ఆవరణ తిరునాళ్లలా ఉంది. తల్లిగొర్రెల్ని ఆమె పొద్దున్నే తోలుకొచ్చింది. పిల్లల్ని పాలు తాగకుండా ఆపి, మధ్యాహ్నం ఆటోలో రెండు గంపల కింద తెప్పించింది. ఆటో ఆగీ ఆగకముందే గంపల్లోంచి పిల్లల అరుపు, ఈ పక్క తల్లుల అరుపు. లోపల టైపు చేసే వాళ్లు కూడా కిటికీల దగ్గరికొచ్చారు. జడ్జి గారు వరండాలో కుర్చీ వేయించుకున్నారు. ఆసామి తల వంచుకుని ఒక వారగా నిలబడ్డాడు.

అవతలి లాయరు గంప కొంచెం లేపి ఒక పిల్లను తీశాడు. ఎర్రది, నుదుట తెల్లమచ్చ. ఆమె దూరం నుంచే చూసి, "దీని తల్లి అదో, ఎడమ చెవి తెగింది. దానికిది మూడో ఈత" అంది. పిల్లను వదిలారు. అది ఆ చెవి తెగిన దాని కిందికి దూరింది. గొర్రె దాని వెనక వాసన చూసి కదలకుండా నిలబడింది. పిల్ల తోక టపటపా కొట్టుకుంటూ పాలు తాగింది.

రెండోది నల్లది. రెండు నల్లపిల్లలు ఒకదానిలా ఒకటి ఉన్నాయి, నాకైతే తేడానే లేదు. ఆమె చేతుల్లోకి తీసుకుని కాళ్ల గిట్టలు చూసి తల్లిని చూపించింది. లాయరుకు అనుమానమొచ్చింది. "ఆకలి మీదున్నాయి, ఏ గొర్రె దగ్గరికి పోయినా తాగుతాయి" అని ఆ పిల్లను లాక్కుని, తనే పోయి ఇంకో గొర్రె కింద పెట్టాడు. ఆ గొర్రె వాసన చూసి, వెనక్కి ఒకడుగేసి, ముందు పిల్లను, ఆ వెంటనే లాయరు మోకాలిని కుమ్మింది. ఆయన గౌనుతో సహా కూలబడ్డాడు. నేను జడ్జి గారి వైపు చూశాను. ఆవిడ చేతిలో ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత మూడు, నాలుగు, ఐదు... పదకొండు పిల్లలు. ఒక్కటీ తప్పలేదు. ప్రతిదానికీ తల్లి ఎవరు, అవ్వ ఎవరు, ఏ వానకు పుట్టింది. ఆమె గొంతులో గొప్ప ఏమీ లేదు, ఇంట్లో పిల్లలకు అన్నం పెడుతూ మాట్లాడుతున్నట్టు ఉంది. నాకు మాత్రం మెడ వెనక వెంట్రుకలు నిలబడ్డాయి. మేము రాసిన వాటినే మేము రేపటికి గుర్తుపెట్టుకోలేం. అందుకే కాగితం కనిపెట్టారు. ఈ మనిషి ఎనభై గొర్రెల మూడు తరాలను తలలో పెట్టుకుని తిరుగుతోంది.

జడ్జి గారు వరండా దిగి ఆమె దగ్గరికొచ్చారు. "చనిపోయిన తొమ్మిదీ కడుపుతో ఉన్నాయని మీకెలా తెలుసమ్మా?"

"పొట్టేలుకి పొట్టకింద గుడ్డ కట్టి ఉంచుతాం తల్లీ, ఎప్పుడు బడితే అప్పుడు కలవకుండా. తొలి వానలకి గుడ్డ ఇప్పినా. ఆడికి మూణ్ణెల్లకి ఈ పని జరిగినాది. యేదానికి చూలు నిలబడిందో యేది మళ్లీ ఎదకొచ్చిందో నేను చూస్తానే ఉన్నా గదా." మళ్లీ తనే అంది, "అయితే తొమ్మిది గాదు తల్లీ. ఏడు."

మా వకీలు మొహం పాలిపోయింది. పిటిషన్‌లో తొమ్మిదని ఉంది.

"ఒకటి ముసిల్ది, పళ్లు రాలిపొయ్యినాయి, చూలు కట్టలేదు. ఇంకోటి బిడ్డకి పాలిస్తా ఉన్నాది. సూడియి ఏడే."

అవతలి లాయరు మోకాలి నొప్పి మర్చిపోయి దూకాడు. పిటిషన్ తప్పని వాది నోటితోనే వచ్చిందన్నాడు, కొట్టేయమన్నాడు. జడ్జి గారు నా వైపు తిరిగారు. "తొమ్మిది అని ఎవరు రాశారు?"

"నేనేనమ్మా" అన్నాను. "ఈసారి కూడా అడగలేదు." అంతమందిలో ఆ మాట అనడం కష్టమే. కానీ ఆమె పక్కన నిలబడి ఇంకో మాట అనడం అంతకంటే కష్టం.

"అమ్మా, ఏడంటే మీకు ఎనిమిది వేలు తగ్గుతుంది. తెలుసా?" అని జడ్జి గారు ఆమెనడిగారు.

"తగ్గనీ తల్లీ. లేని పిల్లలకి నేనెట్ట తీసుకునేది?"

జడ్జి గారు ఫైల్లో తొమ్మిది అన్న చోట పెన్నుతో చుట్టారు. తర్వాత చాలా నెమ్మదిగా, దావాను లక్ష రూపాయలకు పెంచుకోవడానికి అనుమతిస్తున్నానన్నారు. సూడివి ఏడు, మామూలువి రెండు. ఆవిడ ఆ మాట లోపల బెంచీ మీద కూర్చుని మళ్లీ చెప్పి రాయించాల్సి వచ్చింది గానీ, నాకు మాత్రం తీర్పు ఆ గొర్రెల మధ్యే అయిపోయింది.

అప్పుడే వారగా ఉన్న ఆసామి ముందుకొచ్చాడు. ఆయన లాయరు చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "ఇంక చాల్లే సారూ. రెండు తక్కువ చెప్పింది ఆయమ్మ. ఇంక నేనేంది కాదనేది? ఇచ్చేస్తా" అన్నాడు. ఆమెతో ఏదో అనబోయి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆమె అతని వైపు చూసి, "ముందే చెప్పుంటే పోయేది గదన్నా" అంది. ఆసామి రెండు విడతల్లో మొత్తం కట్టేశాడు. తీర్పు దాకా పోనేలేదు.

రెండో విడత డబ్బు ముట్టాక, ఆఖరి కాగితం మీద వేలిముద్ర కోసం నేనే ఆమె పల్లెకు పోయాను. రమ్మంటే వచ్చేదే, నాకే పోవాలనిపించింది. ఆమె ఊరి బయట మంద దగ్గర ఉంది. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. విని ముద్ర వేసింది. ఆ డబ్బుతో కొన్న ఏడు గొర్రెల్ని చూపించి, "వీటిలో సూడిది ఏదో చెప్పు చూద్దాం, గుమాస్తయ్యా" అంది.

బాగా లావుగా ఉన్నదాన్ని చూపించాను.

"అది తిండిపోతు" అని పడీపడీ నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. బక్కగా ఉన్న ఇంకోదాని మెడ పట్టుకుని నిలబెట్టి, నా చెయ్యి తీసుకుని దాని పొట్టకింద కుడివైపు ఆనించింది. "నొక్కబాక. ఊరికే పెట్టి ఉంచు."

వెచ్చగా ఉంది. ముందు గొర్రె ఊపిరి తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత అరచేతి కింద ఒక చిన్న పోటు, మళ్లీ ఒకటి. లోపల నుంచి ఎవరో కాలు చాపుతున్నారు. ఆరోజు తలకాయలు చెప్పు చాలని నేను రాయకుండా వదిలేసింది ఇది. ఏడుసార్లు వదిలేశాను.

"తెలిసిందా?" అంది ఆమె.

తల ఊపాను. బస్సుకు టైమవుతోందని తెలిసినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.